క్వినోవా చేదు పోవడం లేదు, మీరంతా ఎలా కడుగుతున్నారు?

పెన్నా ఒడ్డు:
అందరికీ నమస్కారం. మా మామగారికి షుగర్. రాత్రిపూట అన్నం బదులు క్వినోవా పెట్టి చూడమని తెలిసినవాళ్ళు చెబితే అరకిలో తెచ్చాను. ప్యాకెట్ కాదు, కొట్లో విడిగా తూచి ఇచ్చింది. బియ్యం కడిగినట్టే గిన్నెలో వేసి, నీళ్ళు పోసి, చేత్తో కలియబెట్టి వంచాను. నీళ్ళతో పాటు గింజలూ బిలబిలమంటూ సింకులోకి పోయాయి. ఆవగింజ కంటే కాస్త పెద్దవేమో, చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి జారిపోతున్నాయి. రెండో నీళ్ళకి ఇంకొన్ని పోయాయి. మూడోసారి కడిగితే గిన్నెలో ఏమీ మిగలదని భయమేసి ఆపేశాను.

కప్పుకి రెండున్నర కప్పుల ఎసరు పెట్టి కుక్కర్లో మూడు విజిల్స్ రానిచ్చాను. మూత తీస్తే జావ. పప్పు వేసి కలిపి పెడితే మామగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏంటమ్మా ఇది, కుంకుడుకాయ నమిలినట్టుంది" అన్నారు. ఆయన వంటకి వంక పెట్టే మనిషి కాదు. నేనూ రుచి చూశాను. నిజంగానే చేదు, గొంతులో అదోలా పట్టేసింది.

గింజలే పాడైనవా, నేను కడగడంలో తేడా ఉందా? ఇంకా పావుకిలో పైనే ఉంది. దాని ఖరీదు చూస్తే పారేయడానికి మనసొప్పడం లేదు.

మూడో విజిల్:
మీ మామగారు అన్నది అక్షరాలా నిజమండీ! కుంకుడుకాయకి నురగ ఎందుకొస్తుందో ఈ గింజకీ అందుకే వస్తుంది. సపోనిన్లు అంటారు. క్వినోవా గింజ పైపొరలో ఉంటాయి, చేదంతా వాటిదే. గింజలు పాడవలేదు, మీరు కడిగింది చాలలేదు, అంతే. బియ్యాన్ని దుమ్మూ తవుడూ పోవడానికి కడుగుతాం. దీన్ని సబ్బు పెట్టిన గుడ్డ జాడించినట్టు జాడించాలి.

ఒక పని చేసి చూడండి. గుప్పెడు గింజలు గాజు గ్లాసులో వేసి, సగానికి నీళ్ళు పోసి, అరచేత్తో మూసి గట్టిగా ఊపండి. బియ్యానికైతే నీళ్ళు తెల్లబడతాయి, పైన నాలుగు బుడగలొచ్చినా వెంటనే పగిలిపోతాయి. సపోనిన్ ఉంటే నురగ తెట్టులా నిలబడిపోతుంది. ఆ నురగ ఆగిందాకా కడగాలి. ఎన్నిసార్లు అని అడగొద్దు. ఒక్కో గింజ ఒక్కోలా ఉంటుంది.

షిఫ్టు డ్యూటీ:
నేను కడగనే కడగను. రూములో ఒక్కడినే, రాత్రి పదకొండింటికి వచ్చి ప్యాకెట్ చించి కుక్కర్లో పోసేస్తా. ఏడాది అయింది, ఏ చేదూ లేదు. మీరంతా ఊరికే టెన్షన్ పడుతున్నారు.

మూడో విజిల్:
తమ్ముడూ, ఆ ప్యాకెట్ వెనక ఒకసారి చదువు. ముందే పైపొర తీసి కడిగి ఆరబెట్టినదై ఉంటుంది. నీ చెయ్యి గొప్పతనం కాదది.

షిఫ్టు డ్యూటీ:
చదివా. ముందే కడిగినదని చిన్న అక్షరాల్లో ఉంది. సారీ అక్కా.

డల్లాస్ బామ్మ:
ఇక్కడ దొరికే వాటిలో చాలా పెట్టెల మీద అలాగే రాసుంటుంది. అయినా నేను ఒక్క నీళ్ళు పోసి తీస్తాను, అలవాటు చావదుగా. మనవరాలు "అది క్వినోవా కాదు బామ్మా, కీన్-వా" అని రోజూ దిద్దుతుంది. ఏదైతేనేం, మజ్జిగ పోసుకుంటే దిగిపోతుంది.

గింజలు పోతున్నాయన్నావు కదమ్మా, గిన్నె వంచడం మానేయ్. టీ వడకట్టుకునే జాలీ పెద్ద సైజులో ఉంటుంది చూడు, స్టీలు తీగది, అందులో వేసి కుళాయి కింద పెట్టు. ఇద్దరికి సరిపడా అయితే మామూలు టీ జాలీలోనే రెండు విడతల్లో కడిగేయొచ్చు.

గోదారి గట్టు:
బామ్మగారు చెప్పిన జాలీ సరే కానీ, ఊరికే కుళాయి కింద పట్టుకుంటే చాలదండీ. పై గింజలు తడుస్తాయి, మధ్యవి పొడిగానే ఉండిపోతాయి. నేను రెండేళ్ళు ఆ తప్పే చేశాను. నీళ్ళ ధార కింద తెల్లగా మెరుస్తుంటే కడిగేశాననుకునేదాన్ని. తీరా తింటే రెండో ముద్దకి చేదు.

ఇప్పుడు చేసేది చెప్తాను. వెడల్పు గిన్నెలో నీళ్ళు పోసి జాలీని అందులో ముంచుతాను. గింజలు నీళ్ళలో మునిగి ఉండగానే, రెండు అరచేతుల మధ్య తీసుకుని మెల్లగా రుద్దుతాను. గట్టిగా కాదు, పెసరపప్పు పొట్టు తీసేటప్పుడు రుద్దుతామే, అంత. అర నిమిషానికి గిన్నెలో నీళ్ళు మజ్జిగ తేటలా అయి పైన నురగ తేలుతుంది. జాలీ ఎత్తి, ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ. విడి గింజకైతే నాకు ఐదారు నీళ్ళు పడుతుంది. ఆఖర్న ఒక పచ్చి గింజ నోట్లో వేసుకుని కొరికి చూస్తాను. చేదు తగలకపోతే పొయ్యి మీదికి. తగిలితే ఇంకో రెండు నీళ్ళు.

పిండి జల్లెడ మాత్రం వాడకండి. మా ఇంట్లో గోధుమపిండి జల్లెడ రంధ్రాల్లో గింజలు ఇరుక్కుపోతే పిన్నీసుతో ఒక్కొక్కటీ తీశాను. అన్నం వార్చే చిల్లుల పళ్ళెం సంగతి చెప్పనే అక్కర్లేదు, అటునుంచి అటే పోతాయి.

సిరిసిల్ల చీర:
జాలీ లేనోళ్ళు గుడ్డ వాడండి. పాత కాటన్ పంచె ముక్క మంచిగ పనికొస్తది. గింజలు మధ్యలో పోసి, వదులుగా మూట కట్టి, బకెట్ నీళ్ళలో ముంచి పైనుంచి పిసకాలి. కుంకుడుకాయలు గుడ్డలో కట్టి రసం తీసినట్టే. మూట బిగించి కట్టొద్దు, లోపల గింజలు కదిలే చోటుండాలి. గుడ్డకు అతుక్కున్నవి తడి మీద గీకితే రావు. గుడ్డ ఆరేసి, ఆరినంక దులిపితే అవే రాలిపోతయ్. ఇంకోటి, ఆ గుడ్డను అంతకుముందు సబ్బుపొడితో ఉతికుంటే ఒకసారి ఉత్త నీళ్ళలో జాడియ్యండి. లేకుంటే ఆ నురగ గింజదో గుడ్డదో తెలవదు!

అల్టిప్లానో అన్న:
ఉద్యోగరీత్యా కొన్నాళ్ళు బొలీవియాలో ఉన్నాను. ఆ గింజ పుట్టిల్లు అటువైపే. పెరూ, బొలీవియాల్లో ఆండీస్ కొండల మీద, టిటికాకా సరస్సు చుట్టుపక్కల వేల ఏళ్ళ నుంచి పండిస్తున్నారు. ఆ సరస్సే సముద్రమట్టానికి 3,800 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇంకా దక్షిణాన ఉయుని ఉప్పు మైదానాల దగ్గర పండే పెద్ద గింజని వాళ్ళు రాజ క్వినోవా అంటారు. దానికి చేదు బాగా ఎక్కువ.

అక్కడ మా ఇంటి ఓనరావిడ వాళ్ళ ఊరికి తీసుకెళ్ళినప్పుడు పాతకాలం పద్ధతి చూశాను. గింజల్ని కొంచెం వేడిచేసి, రాతి తొట్టిలో పోసి, దాంట్లో దిగి కాళ్ళతో తొక్కుతారు. పొర పొడిపొడిగా రాలిపోతుంది. తర్వాత గాలికి తూర్పారబట్టి, నీళ్ళు మార్చి మార్చి కడిగి ఎండలో ఆరబోస్తారు. ఆ తొక్కుడు చూస్తుంటే మా ఊళ్ళో వడ్లు నూర్చడం గుర్తొచ్చింది. ఇప్పుడు మిషన్లొచ్చాయి, గింజని గరుకు రాపిడికి గురిచేసి పొర తీసేస్తున్నాయి. అయినా ఆవిడ కొట్లో కొన్నదాన్ని కూడా రెండు చేతులతో రుద్దే కడిగేది. కడిగిన నీళ్ళు పారబోసేది కాదు, ఉన్ని బట్టలు నానబెట్టేది. సబ్బేనన్నమాట.

పెన్నా ఒడ్డు:
అన్నయ్యగారూ, ఆ చివరి మాటతో ఒక డౌటు తీరి ఇంకోటి వచ్చింది. మా అత్తగారు బియ్యం కడుగు ఎప్పుడూ పారబోయరు, మొక్కలకి పోస్తారు. పెరట్లో తొట్టెలో కలువలున్నాయి, దోమలు చేరకుండా గప్పీ చేపలు వేశాం. నిన్నటి కడుగు అందులో పోయబోతుంటే నేనే ఏదో అనుమానం వచ్చి ఆపాను. పోయొచ్చా?

మూడో విజిల్:
మంచిపని చేశారు, చేపలున్న తొట్టెలో అసలు పోయకండి. సపోనిన్లు చేపల మొప్పలకి హాని చేస్తాయి. అవి ఉన్న మొక్కల కాయలూ వేళ్ళూ నలిపి నీళ్ళలో కలిపి చేపలు పట్టే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. కుడితిలో కలపడం కూడా వద్దు. నేను నేరుగా సింకులో వదిలేస్తాను.

మెట్ట చేను:
మాది అనంతపురం వైపు. 2013ని ఐక్యరాజ్యసమితి క్వినోవా సంవత్సరంగా ప్రకటించినప్పుడు పేపర్లో చదివిందే మొదలు, తర్వాత కొన్నేళ్ళకి నేనూ అరెకరంలో వేసి చూశాను. నీళ్ళు తక్కువైనా నిలబడుతుంది, చెట్టు చూడ్డానికి తోటకూర కంకిలా ఉంటుంది. నిజానికి తోటకూర కుటుంబమే.

పంట రైతు వైపు నుంచి ఒక మాట. ఆ చేదు లేకపోతే మాకు గింజ దక్కదు. జొన్న పాలుపట్టిందంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా వడిసెల పట్టుకుని మంచె మీద ఉండాలి. ఈ చేలో పిట్టలు వాలి, రెండు ముక్కులు పొడిచి లేచిపోయేవి. ఆ పొర చెట్టు పెట్టుకున్న కాపలా అన్నమాట. మరి అదే పొర తీయించడానికి మాకు దగ్గర్లో మిల్లు లేదు. వడ్ల మిల్లులో వేస్తే నూక అయిపోయింది. చివరికి దూరం తీసుకెళ్ళి అమ్మితే, పొర తీయని సరుకని రేటు తగ్గించారు. మళ్ళీ వేయలేదు.

ఈ అమ్మాయి కొన్న విడి సరుకు అలాంటిదే అయ్యుండొచ్చు. పచ్చిదాన్ని చేటలో పోసి చూడమ్మా. గింజ మీద పసుపుపచ్చ బూడిద పూసినట్టు ఉంటే పొర పూర్తిగా పోలేదని. అలాంటిది కడిగే ముందు చేటలో చెరగండి, రాళ్ళూ మట్టిబెడ్డలూ కూడా ఉంటాయి.

షిఫ్టు డ్యూటీ:
రాత్రంతా నానబెడితే చేదంతా దిగిపోదా? రుద్దే పని తప్పుతుంది.

గోదారి గట్టు:
నానబెడితే చేదు నీళ్ళలోకి దిగుతుంది, కానీ ఆ నీళ్ళలోనే గింజ కూర్చుంటుంది. పైగా పొద్దున్నకి మెత్తబడిపోయి, వండితే ముద్ద. ముందు కడగాలి, తర్వాత పదిహేను ఇరవై నిమిషాలు నానాలి, ఆ నీళ్ళు వంపి మళ్ళీ ఒకసారి జాడించాలి. ఇవేం కొర్రలు కావు గంటలు గంటలు నాననివ్వడానికి.

అత్తారిల్లు అమలాపురం:
కడగడం దాకా బాగా చెప్పారందరూ. అసలు తంటా తర్వాతే. కడిగి తడితడిగా కుక్కర్లో వేస్తే ఎసరు లెక్క తప్పుతుంది. గింజ చిన్నది కదా, సందుల్లో నీళ్ళు బోలెడు పట్టుకుంటుంది. జాలీని వాటంగా ఒక గిన్నె మీద పెట్టి పది నిమిషాలు వదిలేయండి. అడుగున జాలీ వెనకవైపు వేలితో తడితే ఇంకో చెంచాడు నీళ్ళు కారతాయి, నమ్మండి.

తర్వాత మూకుడులో చెంచాడు నూనెలో, చిటపటమని గింజ విడివిడిగా అయ్యేదాకా సన్న సెగన వేయించండి. నాలుగైదు నిమిషాలు. వేరుశనగ వేయించినప్పుడు వచ్చే వాసన లాంటిది వస్తుంది, అప్పుడు ఆపాలి. కప్పు గింజకి కప్పూ ముప్పావు ఎసరు, నానబెట్టినదైతే కప్పున్నర చాలు. ఉప్పు వేసి, తెర్లగానే సిమ్‌లో పెట్టి, మూతపెట్టి పదిహేను నిమిషాలు. దించాక ఇంకో పది నిమిషాలు మూత తీయకుండా ఉమ్మగిలనివ్వాలి. ఉడికిన గింజ అద్దంలా అయి, చుట్టూ తెల్లటి తోక విడివడుతుంది. అది గింజ మొలక. తోక కనిపించలేదంటే ఇంకా ఉడకాలి. ఎర్రవీ నల్లవీ అయితే ఇంకో నాలుగైదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అవి కొంచెం కరకరలాడుతూనే ఉంటాయి.

కుక్కరే కావాలంటే ఒక్క విజిల్, ఆవిరి దానంతట అది పోవాలి. మూడు విజిల్స్ అంటే జావే మరి. సరిగ్గా కడగనిది కుక్కర్లో పెడితే నురగ పొంగి విజిల్ రంధ్రంలోంచి కక్కేస్తుంది. మా స్టవ్ మీద ఆ మరకలు ఇప్పటికీ ఉన్నాయి.

డల్లాస్ బామ్మ:
షుగర్ అన్నావు కాబట్టి ఒక్క మాట. దీంట్లో పిండిపదార్థం లేదనుకుని పెద్ద గిన్నెడు పెట్టకు తల్లీ. ఉడికింది 100 గ్రాములు తీసుకుంటే 21 గ్రాముల దాకా ఉంటుంది, తెల్లన్నంలో 28. తేడా ఉంది, మరీ ఆకాశమంత లేదు. కొలత మీ డాక్టరు గారినడుగు.

సిరిసిల్ల చీర:
మా చెల్లెకు ఎంత కడిగి వండినా తిన్నంక కడుపునొప్పి, వాంతి. రెండుసార్లు చూసి మానేసింది. అట్లయితే మొండికేసి తినకండి, డాక్టరుకు చూపెట్టుకోండి.

పెన్నా ఒడ్డు:
అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. ఆదివారం మళ్ళీ చేశాను. ముందు గ్లాసు పరీక్ష. బొటనవేలి ముందు కణుపంత నురగ వచ్చి, నేను ఫోన్ మాట్లాడి వచ్చేదాకా అలాగే ఉంది. మెట్ట చేను గారు చెప్పినట్టు చేటలో చెరిగితే రెండు చిన్న రాళ్ళూ దొరికాయి. పెద్ద టీ జాలీ కొని, గిన్నెలో ముంచి రుద్దాను. నాలుగు నీళ్ళదాకా నురగే. ఆరో నీళ్ళకి గింజ కొరికితే ఇంకా కొంచెం చేదు. ఏడో నీళ్ళకి పోయింది. వేయించి, కప్పున్నర ఎసరుతో వండి, ఆవాలు, మిరపకాయ, కరివేపాకు పోపు పెట్టి నిమ్మకాయ పిండాను. తోకలు భలే వచ్చాయండీ.

మామగారు కాస్త అనుమానంగానే కూర్చున్నారు. మొదటి ముద్ద చాలాసేపు నమిలి, "అన్నం అని చెప్పకు. పులిహోర ఉప్మా అని చెప్పు, తింటాను" అన్నారు. రెండోసారి వడ్డించుకోలేదు కానీ పళ్ళెంలో మిగల్చనూ లేదు.

ఇంకో సంగతి. మొదటిరోజు సింకులో పోయాయన్నానే, వాటిని జాలీ మూత దులిపి కిటికీ దగ్గర కుండీలో పడేశాను. ఇవాళ చూస్తే దారప్పోగుల్లా మొలకలొచ్చాయి. మా అత్తగారు వంగి చూసి, "ఇక్కడ తోటకూర ఎవరు చల్లారే?" అంటున్నారు.