కొత్త టీమ్ మొదటి సీజన్‌లనే ప్లేఆఫ్స్‌కు పోయింది, ఇది లక్కా సత్తానా? (వాల్కిరీస్ గురించి)

నల్లగొండ_నైట్‌షిఫ్ట్:
అందరికి నమస్తే. ఇక్కడ అందరు క్రికెట్ ముచ్చటే పెడతరు గాని బాస్కెట్‌బాల్ చూసేటోళ్లు ఒకరిద్దరన్న ఉండకపోతరా అని అడుగుతున్న. మా అక్క బిడ్డ శాన్‌హోసేల ఉంటది, 2025 ఎండకాలం వచ్చినప్పుడు నాకు ఊదా రంగు టీషర్ట్ తెచ్చింది, గోల్డెన్ స్టేట్ వాల్కిరీస్ అని ఉంటది దాని మీద. ఏసుకొని గడియారం సెంటర్‌కు పోతే ముగ్గురు అడిగిన్రు, కేకేఆర్‌దా అన్నా అని. సరే ఆ టీమ్ ఏందో చూద్దామని మొదలువెట్టిన. నాది నైట్ షిఫ్ట్, పొద్దున ఇంటికొచ్చి చాయ్ తాగేటాళ్లకు ఏడున్నర అయితది, ఆడ సాయంత్రం ఏడు గంటల మ్యాచ్ మనకు సరిగ్గ అప్పుడే షురూ అయితది, ఇగ పండుకునుడు బంద్ చూసుడే పని.

ఇప్పుడు డౌట్ ఏందంటె, ఇది అమెరికా ఆడోళ్ల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏల 2025లనే పుట్టిన టీమ్. 44 మ్యాచుల్ల 23 గెలిచి 21 ఓడి ప్లేఆఫ్స్‌కు పోయింది. ఆ లీగ్‌ల కొత్తగ చేర్చిన టీమ్ మొదటి ఏడాదే ప్లేఆఫ్స్‌కు పోవుడు ఇదే మొదటిసారి అన్నరు. మా రూమ్మేట్ ఏమో ఇదంత గాలివాటం, కొత్త టీమ్ అంటె మొదటి ఏడు తన్నులు తినాల్సిందే అంటడు. నేను గుజరాత్ టైటాన్స్ 2022ల మొదటి సీజన్‌లనే కప్పు కొట్టలేదా అన్న. వాడు అది క్రికెట్, ఇది వేరే లెక్క, 2008ల అట్లాంటా డ్రీమ్ అని ఇదే లీగ్‌ల కొత్త టీమ్ వచ్చింది, వరసగ 17 ఓడింది, మొత్తం సీజన్‌ల గెలిచింది 4 ఓడింది 30, పోయి చూసుకో అన్నడు. చూసిన, నిజమే. మరి ఏది కరెక్టు? అసలు వీళ్లకు ప్లేయర్లు ఏడకెళ్లి వస్తరు, మన లెక్క వేలం ఉంటదా? జర తెలిసినోళ్లు చెప్పుండ్రి.

పాలమూరు_పాయింట్‌గార్డ్:
తమ్మీ వేలం ఉండదు, అసలు తిరకాసే ఆడ ఉన్నది. మనకు ఐపీఎల్, ప్రో కబడ్డీ చూసి అలవాటై కొత్త టీమ్ అంటె పైసలు సంచిల ఏసుకొని వచ్చి మంచోళ్లను కొనుక్కుంటది అనుకుంటం. మన దగ్గర అట్లనే అయితది కూడ. గుజరాత్ టైటాన్స్ వచ్చిన ఏడే మెగా వేలం, దానికి ముందే హార్దిక్, రషీద్, గిల్‌లను పట్టుకునే ఛాన్స్ ఇచ్చిన్రు. 2017ల ప్రో కబడ్డీల నాలుగు కొత్త టీమ్‌లు వచ్చినయి యాదికున్నదా, అండ్ల గుజరాత్ టీమ్ మొదటిసారే ఫైనల్ దాక పోయి పట్నా చేతిల ఓడింది. అదే ఏడు వచ్చిన తమిళ్ తలైవాస్ మాత్రం వాళ్ల జోన్‌ల ఆఖర్న నిలవడ్డది. అంటె వేలంల అందరు ఒకటే గీత మీద నిలవడతరు, తెలివి ఉన్నోడు ముందుకు పోతడు.

అమెరికా బాస్కెట్‌బాల్‌ల అట్ల గాదు. ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్ అంటరు. పాత టీమ్‌లు ముందుగాల వీళ్లను ముట్టొద్దు అని కొందరి పేర్లు రాసిస్తయి, మిగిలినోళ్లల్లకెళ్లి కొత్త టీమ్ ఏరుకోవాలె, ఒక్కో టీమ్ నుంచి ఒక్కల కంటె ఎక్కువ తీసుకోరాదు. వాల్కిరీస్‌కు 2024 డిసెంబర్‌ల జరిగింది, ఒక్కో టీమ్ ఆరుగురిని దాచిపెట్టుకున్నది, వీళ్లు 11 మందిని ఎత్తుకున్నరు. పెండ్లి భోజనాల ఆఖరి బంతిల కూసున్నట్టు, మటన్ అయిపోయింది పప్పుచారు ఉన్నది అంటరు సూడు, అట్ల.

కాని ఆ లీగ్‌ల అప్పుడు 12 టీమ్‌లే, ఒక్కో టీమ్‌ల ఎక్కువల ఎక్కువ 12 మంది. ఎంతయింది, 144. అమెరికా మొత్తంల కాలేజీల ఆడేటోళ్లు, యూరప్‌ల ఆడేటోళ్లు అందరు కలిసి 144 సీట్ల కోసం కొట్లాడాలె. అందుకని ఆడ బెంచీ మీద కూసున్న ఏడో మనిషి, ఎనిమిదో మనిషి కూడ మామూలోళ్లు గాదు, ఆడనియ్యకనే ఆడలే అంతే. వెరోనికా బర్టన్‌నే సూడు. డల్లాస్ టీమ్ 2024ల తీసేసింది, కనెక్టికట్‌కు పోతే ఆడ మ్యాచ్‌కు మూడు పాయింట్ల కాడ ఉన్నది. వాల్కిరీస్ ఆమెను ఏరుకొని బాల్ చేతికిచ్చి పోరి నడుపు అన్నరు, మ్యాచ్‌కు 12 పాయింట్ల దగ్గర, 6 అసిస్టులు (అంటె పక్కోళ్లు బాస్కెట్ ఏసేటట్టు ఇచ్చిన పాసులు), లీగ్‌ల బాగ మెరుగువడ్డ ప్లేయర్ అవార్డు ఆమెకే. ఒక్క ఏడాదిల ఆట అంత మారదు భయ్యా, మారింది ఆమెకు దొరికిన నిమిషాలు.

జడ్చర్ల_జంప్‌షాట్:
పాయింట్‌గార్డ్ అన్న మంచిగ చెప్పిండు గాని జర ఎక్కువ లేపుతున్నరు. ఆ ఏడు 13 టీమ్‌లల్ల 8 ప్లేఆఫ్స్‌కు పోయినయి. వీళ్లు పోయింది ఎనిమిదో నంబర్ల. పోయి ఏం పీకిన్రు, మినెసోటా లింక్స్ మీద మొదటి మ్యాచ్ 101-72, 29 తేడా, రెండోది కూడ పోయె. సగం కంటె ఎక్కువ మంది పాసయ్యే పరీక్షల పాసై స్వీట్లు పంచినట్టున్నది.

పాలమూరు_పాయింట్‌గార్డ్:
జంప్‌షాట్ బ్రో, మరి అట్లాంటా 4 గెలిచి 30 ఓడిన ఏడు కూడ సగం కంటె ఎక్కువ పాసయ్యే పరీక్షనే కదా 😀

నల్లగొండ_నైట్‌షిఫ్ట్:
రెండో మ్యాచ్ గురించి ఎత్తకు అన్నా గుండె మండుతది. అది వాళ్ల సొంత గ్రౌండ్‌ల కూడ పెట్టలే, చేజ్ సెంటర్‌ను అప్పటికే టెన్నిస్ లేవర్ కప్‌కు ఇచ్చేసిన్రట, అంటె వీళ్లు ఇంత దూరం వస్తరని ఎవ్వలు అనుకోలే, ఫంక్షన్ హాల్ ముందే వేరేటోళ్లు బుక్ చేసుకున్నట్టు. శాన్‌హోసేకు మార్చిన్రు, మా అక్క బిడ్డ ఇంటి పక్కకే వచ్చినట్టాయె, పోయింది కూడ, ఆడికెళ్లి వీడియో కాల్ చేసింది గాని లొల్లికి ఒక్క ముక్క ఇనరాలే. మంచిగ లీడ్‌ల ఉండిన్రు, పదిహేను దాటి లీడ్, నేను మా అమ్మను పిలిచి సూడే గెలుస్తున్నం అన్న, ఆమె ఉప్మా గిన్నె పట్టుకొని వచ్చి నిలవడ్డది, అప్పటికెళ్లి ఒక్కొక్కటి కరుగుతూ కరుగుతూ ఆఖరికి 75-74. ఒక్క పాయింట్. మా అమ్మ అన్నది నన్ను ఎందుకు పిలిచినవ్‌రా అని.

రింగుసార్_దేవరకొండ:
నేను రిటైరైన పీఈటీని. ఈ ముచ్చట చూసి రాయకుండ ఉండలేకపోయిన. మీరంత కొత్తది చూస్తుండ్రు, పాతది కొంచెం చెప్త.

ఎన్‌బీఏ అంటె అమెరికా మగోళ్ల లీగ్, అండ్ల కొత్త టీమ్‌ల మొదటి ఏడాది లెక్కలు తీస్తె ఏడుపొస్తది. 1980ల డల్లాస్ 15 గెలిచి 67 ఓడింది. 1988ల మయామి వచ్చింది, సేమ్ టు సేమ్ 15-67, అది కూడ మొదటి 17 మ్యాచులు వరసగ ఓడింది, అట్లాంటా లెక్కనే. 1995ల కెనడాల రెండు టీమ్‌లు పెట్టిండ్రు, టొరంటో 21-61, వాంకూవర్ మళ్ల 15-67. ఆ వాంకూవర్ తమాషా ఏందంటె మొదటి రెండు మ్యాచులు గెలిచింది, అభిమానులు పండుగ చేసుకున్నరు, తర్వాత వరసగ 19 ఓడింది, అది చాలదని సీజన్ ఆఖర్ల ఇంకో 23 వరసగ.

టొరంటో వాళ్లు డ్రాఫ్ట్‌ల అందరి కంటె ముందు బీజే ఆర్మ్‌స్ట్రాంగ్‌ను ఎంచుకున్నరు, చికాగోల మూడు కప్పులు కొట్టిన మనిషి. ఆయన నేను రాను పొమ్మన్నడు. రాలేదు కూడ, వేరే టీమ్‌కు ఇచ్చేసి బదులు వేరేటోళ్లను తెచ్చుకున్నరు. కొత్త బడికి ట్రాన్స్‌ఫర్ చేస్తె జాయిన్ కాని సార్లను చూసిన గాని ప్లేయర్ కూడ అట్ల చేస్తడని అప్పుడే తెలిసింది. ఇంకోటి, కాలేజీ డ్రాఫ్ట్ అని వేరే ఉంటది, కాలేజీలకెళ్లి వచ్చే పిల్లగాళ్లను టీమ్‌లు వంతుల లెక్క ఏరుకుంటయి, కెనడా టీమ్‌లకు మొదట్ల కొన్నేండ్లు అండ్ల మొదటి వంతు రాకుండ కట్టుబాటు పెట్టిండ్రు. ఎవల వంతు ముందో తేల్చే 1996 లాటరీల మొదటి నంబర్ టొరంటోకే వచ్చింది, అయిన లాభం లేకపోయె, ఫిలడెల్ఫియాకు పోయింది, వాళ్లు తీసుకున్నది తర్వాత పెద్ద స్టార్ అయిన అలెన్ ఐవర్సన్‌ను. ఇగ చెప్పండి, ఓడకపోతె ఏం చేస్తరు.

అయినా అదే టొరంటో అదే సీజన్‌ల, 1996 మార్చిల, జోర్డాన్ ఉన్న చికాగోను ఒక్క పాయింట్ తేడాతో కొట్టింది, 109-108. చికాగో ఆ ఏడు మొత్తంల ఓడిందే 10 మ్యాచులు, అందుల ఒకటి ఈ పసిపిల్లల చేతిల. స్టౌడమైర్ అనే పొట్టి పిల్లగాడు, అయిదడుగుల పది అంగుళాలు, వాడిదే ఆ ఏడు కొత్త ప్లేయర్ అవార్డు.

జంప్‌షాట్ బాబు, నువ్వు చెప్పిన పరీక్ష మాట పాత చికాగోకు కూడ తగులుతది. 1966ల చికాగో కొత్త టీమ్, 33-48 చేసి ప్లేఆఫ్స్‌కు పోయింది, ఎన్‌బీఏల కొత్త టీమ్ మొదటి ఏడాదిల అంత మంచి లెక్క ఇంక ఎవ్వలది లేదు. అప్పుడు 10 టీమ్‌లల్ల 8 పోయేటియి. కాని అంత చిన్న లీగ్ కాబట్టే మిగిలిన ప్లేయర్లు కూడ గట్టోళ్లు దొరికిండ్రు, జెర్రీ స్లోన్ అట్ల డ్రాఫ్ట్‌ల దొరికినోడే. పాయింట్‌గార్డ్ చెప్పిన సీట్ల లెక్క ఆడ కూడ పనిచేసింది. సీట్లు ఎంత తక్కువుంటె మిగిలిన సరుకు అంత మంచిగుంటది.

సూర్యాపేట_సెంటర్:
సార్ నమస్తే. ఈ ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్ నేను పుస్తకంల చదవలే, అనుభవించిన. 2016 అక్టోబర్‌ల జిల్లాలు విడిపోయినయి కదా, నల్లగొండ మూడు ముక్కలైంది, నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి. అప్పటిదాక నేను ఉమ్మడి జిల్లా జూనియర్ టీమ్‌ల పదో మనిషిని, అంటె నా పని టైమవుట్‌ల నీళ్ల బాటిల్ మూత తీసి ఇచ్చుడు. ఆధార్ కార్డు మీద ఊరు చూసి మమ్మల్ని విడగొట్టిన్రు, మాకు డ్రాఫ్ట్ అదే. ఒక్కరాత్రిల నేను సూర్యాపేట ఫస్ట్ ఫైవ్‌ల ఉన్న. ఐదుగురం పొడుగోళ్లమే, బాల్ తీసుకొచ్చేటోడు లేడు, పాయింట్‌గార్డులు ఇద్దరు నల్లగొండ టౌనోళ్లు.

జెర్సీలకు టైం లేకుండె. పాతయే ఏసుకొని వెనక నల్లగొండ అనే అక్షరాల మీద దవాఖాన తెల్ల ప్లాస్టర్ అతికిచ్చినం. మొదటి మ్యాచ్ ఎవల మీద, నల్లగొండ మీదనే. సెకండ్ క్వార్టర్ వచ్చేటాళ్లకు చెమటకు ప్లాస్టర్ సగం ఊడి నా వీపు మీద "నల్ల" అని బయటపడ్డది, వాళ్ల బెంచీ నుంచి ఒకడు "అరేయ్ ఈడు మనోడే, పాస్ ఇయ్యి" అని ఒర్రిండు, మా వాడు కన్‌ఫ్యూజ్ అయి బాల్ వాళ్లకే ఇచ్చిండు. ముప్పై తేడాతో ఓడినం.

కాని నైట్‌షిఫ్ట్ బ్రో నువ్వు అడిగిందానికి నా జవాబు, ఆ ఒక్క ఏడాదిల నేను నేర్చుకున్నంత ఆట అంతకుముందు మూడేండ్లల్ల నేర్వలే, ఎందుకంటె కోర్ట్ మీదికెళ్లి దింపేటోడు లేడు, తప్పు చేసిన నేనే, మళ్ల బాల్ నాకే. బర్టన్ ముచ్చట చదివితె నాకు అదే యాదికొచ్చింది. ఆమెతోని పోల్చుకుంటలేను, నవ్వకుండ్రి.

జడ్చర్ల_జంప్‌షాట్:
నవ్వుత గాని ప్లాస్టర్‌కు 😂 సరే ఒప్పుకుంట, టీమ్ మంచిదే. నాకు కోచ్ నచ్చింది, నటాలీ నకాసే, లాస్ వేగస్‌ల అసిస్టెంట్‌గ రెండు కప్పులు చూసి వచ్చింది, మొదటిసారి హెడ్ కోచ్ అయి ఆ ఏడే బెస్ట్ కోచ్ అవార్డు. జూన్‌ల యూరప్ టోర్నీ అని నలుగురైదుగురు ప్లేయర్లు వాళ్ల దేశాలకు పోతె ఉన్నోళ్లతోనే ఈడ్చుకొచ్చింది. కాని ఆ పోయినోళ్లల్ల ఒకామె జూలీ వాన్‌లూకు వీళ్లు చేసిన పని మాత్రం నాకు మింగుడువడలే. పాపం బెల్జియంకు కప్పు కొట్టి విమానం దిగి వచ్చింది, వచ్చుడుతోనే నీకు జాగా లేదన్నరు. కొత్త టీమ్ అంటె కుటుంబం అది ఇది అని పోస్టర్లు ఏసుకుంటరు మళ్ల.

పాలమూరు_పాయింట్‌గార్డ్:
అది కరెక్టే, అది బాలేదు. కాని థార్న్‌టన్ సంగతి కూడ చెప్పాలె. కేలా థార్న్‌టన్, న్యూయార్క్ 2024ల కప్పు కొట్టినప్పుడు బెంచీ మీదికెళ్లి వచ్చేది, ఈడ 32 ఏండ్లకు మొదటిసారి ఆల్‌స్టార్, అంటె లీగ్‌ల మంచోళ్లను ఏరి ఆడిచ్చే మ్యాచ్‌కు పిలుపు. జులైల ఆల్‌స్టార్ ఆడిన వారానికే ప్రాక్టీస్‌ల మోకాలు పోయింది, సీజన్ ఖతం. ఆమె లేకుండ ఆగస్టు, సెప్టెంబర్ ఆడి ప్లేఆఫ్స్‌కు వచ్చిన్రు. మీ రూమ్మేట్ గాలివాటం అన్నడు కదా, గాలి ఎదురు కొట్టింది వీళ్లకు.

నల్లగొండ_నైట్‌షిఫ్ట్:
అన్నలకు, సార్‌కు థ్యాంక్స్. మా వాడికి మొత్తం చదివి ఇనిపిచ్చిన. సీట్ల లెక్క ఒప్పుకున్నడు, లక్ మాట మాత్రం ఇడుస్తలేడు, ఇప్పుడు కొత్త పాయింట్ తీసిండు. 2026ల పోర్ట్‌లాండ్, టొరంటో రెండు టీమ్‌లు ఒకటేసారి వస్తున్నయి కదా, మిగిలిన ప్లేయర్లను ఇద్దరు పంచుకోవాలె, అప్పుడు సూద్దాం ఎవలు ప్లేఆఫ్స్‌కు పోతరో అంటుండు. బిర్యానీ పందెం కట్టిండు. కట్టాల్నా వద్దా?

రింగుసార్_దేవరకొండ:
కట్టకు. 1995ల కెనడాల రెండు టీమ్‌లు ఒకటేసారి వచ్చినప్పుడు ఏమైందో పైన రాసిన.

సూర్యాపేట_సెంటర్:
నేను కడత బ్రో, నంబర్ పంపమను.