పాత స్కానర్ కోసం ఇంకా విండోస్ 7 వేసుకోవాలా?

తిరుపతి, డీటీపీ సెంటర్:
గాంధీ రోడ్డు దగ్గర నాది చిన్న డీటీపీ సెంటర్. పెళ్లి కార్డులు, కరపత్రాలు చేస్తాను. పనంతా పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లతోనే. మదర్‌బోర్డు పోతే సెకండ్‌హ్యాండ్‌లో ఆరో జనరేషన్ ఐ3 మెషీన్ కొన్నాను. విండోస్ 7 డీవీడీ పెడితే మొదటి స్క్రీన్‌లోనే కీబోర్డు, మౌస్ రెండూ కదలడం లేదు. స్కానర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) చూస్తే 32 బిట్‌ది ఒక్కటే ఉంది. వైశాఖం ముహూర్తాలు దగ్గరపడ్డాయి, టెన్షన్‌గా ఉంది. విండోస్ 7నే పట్టుకుని ఉండాలా, కొత్తదానికి మారిపోవాలా?

చిత్తూరు, సర్వీస్ షాపు:
మారిపో అన్నా. విండోస్ 7కి 2020 జనవరి 14తోనే సపోర్టు ఆగిపోయింది. కస్టమర్లు నీ దగ్గరికి ఫోటోలు, ఆధార్ కాపీలు తెస్తారు, వాటికి నువ్వే పూచీ. డ్రైవర్ దొరక్క ఏదో సైటు నుంచి ‘డ్రైవర్ అప్‌డేటర్’ దించుకుని వైరస్ అంటించుకున్న మెషీన్లు మా షాపుకు వస్తూనే ఉంటాయి.

శ్రీకాళహస్తి:
మారమనడం తేలికే. ఎక్కడికి మారాలి? విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ నుంచే. విండోస్ 10 సపోర్టు కూడా 2025 అక్టోబర్ 14న ముగిసింది. ఉన్న మెషీన్ పక్కన పెట్టి ఇంకోటి కొనమనడమేగా అది!

అన్నా, మీ బోర్డు చెడిపోలేదు. ఆరో జనరేషన్ చిప్‌సెట్లలో (బోర్డు మీది కంట్రోల్ చిప్‌లలో) యూఎస్‌బీ పోర్టులన్నీ 3.0 కంట్రోలర్ కిందికి వెళ్లిపోయాయి. విండోస్ 7 వచ్చింది 2009లో, దాని డిస్కులో ఆ డ్రైవర్ లేదు. వెనక గుండ్రటి పీఎస్/2 పోర్టు ఉందేమో చూడండి. ఉంటే పాత కీబోర్డు తగిలించి ట్యాబ్, ఎంటర్‌లతో ఇన్‌స్టాల్ చేసేయొచ్చు. డ్రైవర్లు బోర్డు కంపెనీ సైటు నుంచే దించి ముందుగా సీడీలో రాసుకోండి, ఆ దశలో పెన్‌డ్రైవ్ కూడా కనపడదు. ముందు చిప్‌సెట్, తర్వాత యూఎస్‌బీ 3.0, ఆపైన గ్రాఫిక్స్. డివైస్ మేనేజర్‌లో ఇంకా పసుపు గుర్తు ఉంటే, హార్డ్‌వేర్ ఐడీలోని వెన్ (తయారీ కంపెనీ), డెవ్ (పరికరం) కోడ్లతో అది ఏ పరికరమో తెలుస్తుంది. 32 బిట్ విండోసే వేయండి, 64 బిట్‌లో మీ స్కానర్ డ్రైవర్ ఎక్కదు. ర్యామ్ 4 జీబీకి మించి వాడుకోదు, పేజ్‌మేకర్‌కు అది చాలు. ల్యాన్ (నెట్ కేబుల్) డ్రైవర్ మాత్రం వేయకండి. నెట్ లేకపోతే సగం భయం పోతుంది.

చిత్తూరు, సర్వీస్ షాపు:
మిగతా సగం భయం పెన్‌డ్రైవ్‌లో వైరస్‌గా వస్తుంది. లినక్స్ వేసి, అందులో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి, దాని లోపల విండోస్ 7 నడిపితే బోర్డు డ్రైవర్ల గొడవే ఉండదు. స్కానర్‌ను యూఎస్‌బీ ద్వారా లోపలికి ఇవ్వొచ్చు. ఏదైనా చెడితే ముందే దాచుకున్న కాపీతో (స్నాప్‌షాట్) నిన్నటి స్థితికి పోవచ్చు.

శ్రీకాళహస్తి:
మంచి దారే, కాదనను. కానీ ముహూర్తాల వేళ ప్రయోగాలు వద్దు.

తిరుపతి, డీటీపీ సెంటర్:
పీఎస్/2 కీబోర్డుతో 32 బిట్ ఎక్కింది, స్కానర్ నడుస్తోంది. ల్యాన్ డ్రైవర్ వేయలేదు. పెన్‌డ్రైవ్ మాట మాత్రం నిజం. ఇకనుంచి కస్టమర్లవి ముందు లాప్‌టాప్‌లో చెక్ చేశాకే దీనికి పెడతాను. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కదా, అప్పుడు వర్చువల్‌బాక్స్ పట్టుకుంటాను. చిత్తూరు తమ్ముడూ, స్కానర్ డ్రైవర్ లినక్స్‌లో వేయాలా, లోపలి విండోస్‌లోనా?

చిత్తూరు, సర్వీస్ షాపు:
లోపలి విండోస్‌లోనే అన్నా. నీ దగ్గరున్న ఆ 32 బిట్ డ్రైవరే.