అప్‌డేట్: పల్లె థియేటర్‌లో వేసవి సంగీత నాటకం, అమ్మ వినికిడి యంత్రం

వినికిడి యంత్రం వాడే మా అమ్మను పాత ధాన్యపు కొట్టాన్ని మార్చి కట్టిన ఒక పల్లె థియేటర్‌కు వేసవి సంగీత నాటకం చూపించడానికి తీసుకెళ్తున్నామనీ, వాద్యాల హోరులో పాటల మాటలు ఆమెకు అందుతాయో లేదోననీ ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

అక్కరకు వచ్చింది, ఇండక్షన్ లూప్ ఉందేమో ముందే ఫోన్ చేసి కనుక్కోమన్న సూచన. హాలు చుట్టూ వేసిన తీగ మైకుల ధ్వనిని అయస్కాంత క్షేత్రంగా పంపితే, యంత్రంలోని టెలికాయిల్ అనే చిన్న తీగచుట్ట దాన్ని నేరుగా అందుకుంటుంది కనుక చుట్టుపక్కల రొద చాలావరకు తగ్గిపోతుంది. అయితే అమ్మ యంత్రంలో టెలికాయిల్ ఉన్నా ఆ ప్రోగ్రామ్ ఆన్ చేసి లేదని ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) గమనించి, మీట నొక్కితే మారేలా అమర్చి ఇచ్చారు. వెళ్లేవారు ఈ పని ముందుగానే చేయించుకోవాలి.

మీ సలహాల్లో బ్లూటూత్ గురించి సాగిన చర్చ మా విషయంలో అవసరపడలేదు. ముందు వరుస సీట్ల కోసం పట్టుబట్టాల్సిన పనీ లేకపోయింది. పైగా అక్కడ డ్రమ్ములు మరీ దగ్గర. లూప్ ఎక్కడ బాగా అందుతుందో సిబ్బందినే అడిగి మధ్య సీట్లు తీసుకున్నాం.

రెండో అంకంలో రేకుల కప్పు మీద వాన దంచికొట్టడంతో నాకు సగం మాటలు వినబడలేదు. అమ్మే ఒక్కో చరణం నాకు చెప్పింది.