బాల్కనీ వడియాల ట్రే: డైకి ముందు ఇంకో నమూనా కావాలా?

ప్రశ్న
మాది బరంపురం. మా వీధిలో తెలుగువాళ్లు వడియాలు, ఒడియావాళ్లు అలాంటివే, ‘బడి’ అని పెడతారు. అపార్ట్‌మెంట్లలో డాబా అందరికీ దొరకదు. అందుకే బాల్కనీ గ్రిల్‌కి తగిలించి, పనయ్యాక మడిచేసే జాలీ ట్రే అమ్మాలనుకుంటున్నాను. వెదురు, దోమతెరతో ఒకటి కట్టిస్తే అమ్మ హాయిగా వాడుతోంది. ఇక ప్లాస్టిక్ మూలలకి డై (ప్లాస్టిక్ పోసే స్టీలు అచ్చు) చేయించెయ్ అంటున్నారు ఇంట్లో. పెట్టుబడి ఒక్కసారే పెట్టగలను, టెన్షన్‌గా ఉంది.

జవాబు (రాయగడ, ఫ్యాబ్రికేషన్ షాపు)
చెల్లెమ్మా, డై ఇప్పుడే వద్దు. డైలో స్టీలు ఇంకొంచెం కోసి ప్లాస్టిక్ భాగాన్ని లావు చేయొచ్చు. సన్నం చేయాలంటే వెల్డింగ్ పెట్టి మళ్లీ కోయాలి, ఖర్చంతా అక్కడే.

ఒక్కో నమూనాతో ఒక్క సంగతే తేల్చుకోండి. గ్రిల్‌కి పడుతుందా అన్నది అట్టముక్కతోనే తెలుస్తుంది. 1996లో పామ్ పైలట్ అనే జేబు కంప్యూటర్ తెచ్చిన జెఫ్ హాకిన్స్ ముందు చెక్కముక్కనే జేబులో వేసుకు తిరిగారు, రోజూ వాడబుద్ధవుతుందా అని చూడటానికి. మడత సరిగ్గా పడుతుందా అన్నదానికి త్రీడీ ప్రింట్ మూల చాలు. అయితే దాన్ని ఎండలో నమ్మకండి. త్రీడీ ప్రింట్‌కి ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. ఎండకి తట్టుకోవడం చూడాలంటే అసలు వాడబోయే ప్లాస్టిక్కే కావాలి.

జాలీ సంగతి మరీ ముఖ్యం. జింకు పూత తీగ వేస్తే చల్ల మిరపకాయల పులుపు, ఉప్పు కలిసి పూతని తినేస్తాయి. తినే వస్తువుకి అది అంటుకోకూడదు. వడియాలతో పాటు మిరపకాయలు కూడా ఆరబెట్టి చూడండి.

అమ్మగారికి మీరు పక్కనుండి చెప్పి ఉంటారు. ముక్కూమొహం తెలియని నలుగురికివ్వండి. ఎలా తగిలించాలో చెప్పకండి. ఎక్కడ తడబడతారో అదే మీరు మార్చాల్సిన చోటు.

జవాబు (పర్లాకిమిడి)
నమూనా ఇచ్చేటప్పుడు గుట్టుగా ఉంచుతామని రాయించుకోండి, వీడియోలు పెట్టకండి. 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం ముందే బయటపడిన రూపానికి రిజిస్ట్రేషన్ దొరకదు. మడత పద్ధతి కొత్తదైతే ప్రొవిజనల్ (తొలి) పేటెంట్ దరఖాస్తు వేసి, 12 నెలల్లో పూర్తి దరఖాస్తు ఇవ్వొచ్చు.

అడిగినవారు
పక్కింటి గ్రిల్ చూశాను. మావి నిలువు ఊచలు, వాళ్లవి అడ్డం. కొక్కెం రెండు వైపులా తిరగాలి. డై ఆపేశాను అన్నా.

రాయగడ
మంచి పని చేశారు. తిరిగే కొక్కెమైతే బరువు తడి పిండి వడియాలతోనే చూడండి, ఎండినవాటితో కాదు. గోపాల్‌పూర్ వైపు గాలి గట్టిగా వీచే రోజున మరీ చూడాలి.