సౌర తుఫాను వచ్చినప్పుడల్లా చంద్రా పని ఆపాల్సిందేనా?

రాత్రిపక్షి:
అంతరిక్షంలో తిరిగే చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపు 1999 జూలైలో ఎగిరింది. ఐదేళ్లు పనిచేస్తే చాలనుకున్నది పాతికేళ్లు దాటేసింది. ఇప్పటికీ సూర్యుడి నుంచి ప్రోటాన్ల జోరు పెరిగితే, చూస్తున్నది మధ్యలో వదిలేసి కెమెరాను పక్కకు జరుపుకుంటుంది. కొత్త షెడ్యూలు రాసి పంపేదాకా ఖాళీయే. 2017 ఆగస్టులో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొంటే, తొమ్మిది రోజుల తర్వాత వాటి ఎక్స్‌రే వెలుగును పట్టింది ఇదే. అలాంటివి మన కోసం ఆగవు. ముసలిదైపోయిన పరికరాన్ని ఇంకా దాచుకుని ఏం చేస్తాం? ఆపే హద్దు కాస్త పెంచాలంటాను.

సిలికాన్ సుబ్బులు:
దాచుకోకపోతే ఏమవుతుందో ఎగిరిన కొత్తలోనే తెలిసొచ్చిందండీ. చంద్రా సుమారు 64 గంటలకోసారి భూమి చుట్టూ తిరుగుతూ వాన్ అలెన్ వలయాల (భూమిని చుట్టి ఉండే రేడియేషన్ పట్టీల) గుండా వెళ్తుంది. మొదట్లో ఆ దారిలో కూడా చంద్రా రెండు కెమెరాల్లో ఒకటైన ఏసిస్‌ను ఫోకస్‌లోనే ఉంచారు. ఎక్స్‌రేలను ఏటవాలుగా తాకించి మళ్ళించే టెలిస్కోపు అద్దాలే 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్లను, అంటే తక్కువ శక్తి ఉన్నవాటిని కూడా కెమెరా మీదికి తోలాయి. పది చిప్పుల్లో ఎనిమిది దెబ్బతిన్నాయి.

చిప్‌లో 1024 వరసలు. ఎక్స్‌రే పడితే పుట్టే ఛార్జి ఒక వరస నుంచి ఇంకో వరసకు జరుగుతూ చివరికి చేరాలి. బావి దగ్గర వరసగా నిలబడి బిందె అందించుకుంటుంటే, చేయి మారినప్పుడల్లా కాసిని నీళ్లు ఒలికినట్టు తయారైంది. దూరపు వరసలో పడిన ఎక్స్‌రేకి శక్తి తక్కువని లెక్క వస్తుంది. మిగతా రెండు చిప్పులు వెనకవైపు నుంచి వెలుగు తీసుకునే రకం, ఛార్జి నడిచే పొర లోతుగా ఉంది కాబట్టి బతికిపోయాయి. తర్వాత కెమెరాను మైనస్ 120 డిగ్రీలకు చల్లబరిచి, సాఫ్ట్‌వేర్‌తో దిద్ది కొంత మేరకు నెట్టుకొస్తున్నారు. పోయింది మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

కక్ష్య 64:
మరి యంత్రానికే వదిలేయొచ్చుగా? లోపల రేడియేషన్ మీటర్ ఉంది, ప్రమాదమైతే అదే ఆపుతుంది. మధ్యలో మనుషులు ఫోన్లలో మీటింగులు పెట్టుకుని ఆపించడం ఎందుకు?

సిలికాన్ సుబ్బులు:
అసలు తిరకాసు అక్కడే ఉంది. మొదటి మీటర్ ఎఫిన్ కొలిచేది బాగా శక్తి ఉన్న కణాలను. కెమెరాను తినేసేవి ఆ నీరసం ప్రోటాన్లు! వాటిని కొలిచేది చంద్రా కాదు, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఏస్ ఉపగ్రహం. ఆ లెక్క నేల మీదే కనిపిస్తుంది. చంద్రాతో మాట్లాడే వీలు చూస్తే రోజుకు సుమారు మూడుసార్లు, ఒక్కోసారి ఓ గంట. తర్వాతి అవకాశం దాకా కెమెరా మీద ప్రోటాన్ల మోతాదు ఎంత పడుతుందో అంచనా వేసి ఆపాలా వద్దా అని తేల్చుకుంటారు. వయసు మీద పడి ఎఫిన్ వేడెక్కిపోయాక ఆ కాపలా వేరే పరికరాలకు అప్పగించారు గానీ, ఏస్ వైపు చూసే మనిషి అవసరం తీరలేదు.

అందుకే అందరికీ ఒకే హద్దు పెంచమనడం నాకు నచ్చదు. ఫోకస్‌లో ఏముందన్నది చూడాలి. దారిలో గ్రేటింగ్ (ఎక్స్‌రేలను శక్తిని బట్టి విడదీసే సన్నటి గీతల జాలీ) అడ్డం ఉంటే కెమెరాకు చేరే ప్రోటాన్లు తగ్గుతాయి, అప్పుడు ఇంకాసేపు ఓపిక పట్టొచ్చు. వాళ్లు ఇప్పటికే ఆ లెక్క వేస్తున్నారు కూడా.

రాత్రిపక్షి:
సరే, అయితే తుఫాను రోజులకు హెచ్‌ఆర్‌సీ అనే రెండో కెమెరాతో చేసే పరిశీలనలు పెట్టుకోవచ్చుగా? అప్పుడు ఏసిస్ పక్కనే ఉంటుంది, టైమూ వృథా కాదు.

సిలికాన్ సుబ్బులు:
షెడ్యూలు వారం ముందే రాస్తారు. సూర్యుడి మీద మంట ఎగసిన గంటలోపే ప్రోటాన్లు వచ్చి పడొచ్చు, ఏ రోజు ఎగుస్తుందో వారం ముందు చెప్పేవాళ్లు లేరు. పైగా జోరు మరీ ఎక్కువైతే హెచ్‌ఆర్‌సీ వోల్టేజీ కూడా దించేయాల్సిందే.

రాత్రిపక్షి:
గ్రేటింగ్ లెక్క ఒప్పుకుంటా. కానీ పాతికేళ్ల కిందటి భయంతో పెట్టిన మోతాదు హద్దును, ఇంకెన్నేళ్లు బతుకుతుందో చూసి మళ్ళీ లెక్కించాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.