సెకండ్ లైఫ్‌కి కొత్త పెద్దాయన వస్తున్నాడు, మనవైపు నుంచి ఏం చెబుదాం?

(2011 జనవరి నాటి ఫోరం చర్చ ఇది, ఇందులోని ధరలు, నియమాలు, పదవులు అప్పటివి. సెకండ్ లైఫ్ అంటే లిండెన్ ల్యాబ్ అనే కంపెనీ నడిపే ఆన్‌లైన్ లోకం, అందులో జనం బొమ్మ రూపాల్లో తిరుగుతారు, ఇళ్లూ వస్తువులూ కట్టుకుంటారు.)

ఇసుకతిన్నె:
క్రిస్మస్‌కి రెండ్రోజుల ముందు లిండెన్ ల్యాబ్ వాళ్లు కొత్త సీఈవో పేరు ప్రకటించారు, చూసే ఉంటారు. రాడ్ హంబుల్. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌లో సిమ్స్ ఆటల వ్యవహారం చూసిన మనిషి, ఈ జనవరిలోనే కుర్చీ ఎక్కుతున్నాడు. కంపెనీ పెట్టిన రోజ్‌డేల్ 2008లో దిగి మార్క్ కింగ్డన్ ఎక్కాడు, పోయిన జూన్‌లో కింగ్డన్ దిగి మళ్లీ రోజ్‌డేల్ వచ్చాడు, అక్టోబరులో ఆయనా పక్కకు జరిగితే బాబ్ కోమిన్ నెట్టుకొస్తున్నాడు, ఇప్పుడు ఈయన. వచ్చిన ప్రతివాళ్లూ ముందు ఏదో ఒకటి మార్చడం, ఆ తర్వాత మనం గగ్గోలు పెట్టడం మామూలైపోయింది. ఈసారి మార్చకముందే చెబుదాం. సరదాగా రాయండి, కానీ మనసులో ఉన్నదే రాయండి. అన్నీ కలిపి ఇంగ్లీషులో పెట్టి ఆయనకు పంపే పని నాది.

నా సలహా ఇదీ. హంబుల్ గారూ, మొదటి నెల, కంపెనీ ఉద్యోగులు ఇక్కడ పెట్టుకునే లిండెన్ అనే ఇంటిపేరు పక్కన పెట్టండి. పూర్వం రాజులు మారువేషంలో ఊరు చూసొచ్చినట్టు, ఎవరికీ చెప్పకుండా మామూలు ఖాతా తెరిచి, జేబులో పైసా లేకుండా లోపలికి రండి. ఒక ఉచిత చొక్కా సంపాదించండి చూద్దాం. చొక్కా పెట్టెలో వస్తుంది. మీరు 'తొడుక్కో' అని నొక్కుతారు. పెట్టె మీ చేతికి అతుక్కుంటుంది. ఆ పెట్టె విప్పాలంటే నేలమీద పెట్టాలి, నేలమీద పెట్టాలంటే అక్కడ వస్తువులు పెట్టే అనుమతి ఉండాలి, మీకు సెంటు స్థలం లేదు. శాండ్‌బాక్స్ అనే చోటికి వెళితే పెట్టుకోనిస్తారని ఎవరో దారినపోయే పుణ్యాత్ముడు చెప్పేదాకా మీరు ఆ పెట్టెతోనే ఊరంతా తిరుగుతారు. నెలకి ఎంతమంది కొత్తవాళ్లు చేతికి పెట్టెతోనే విసుగొచ్చి లాగవుట్ అయ్యి మళ్లీ రాలేదో ఆలోచించండి. ఆ పెట్టె సంగతి తేలాకే మీ ఆఫీసులో మొదటి మీటింగ్ పెట్టుకోండి.

పాతకాపు:
బాగా చెప్పావు తమ్ముడూ. నేను సిమ్స్ గురించి చెబుతాను, ఎందుకంటే ఆ ఆటలో బొమ్మ మనుషుల్ని ఆడించినట్టు మనల్నీ ఆడిస్తాడేమోనని అందరి టెన్షనూ. సిమ్స్‌లో కొలనులో ఉన్న బొమ్మ పైకి రాకుండా నిచ్చెన తీసేస్తే పాపం అది మునిగి చచ్చిపోతుంది. హంబుల్ గారూ, ఇక్కడ నిచ్చెన తీస్తే మేం చావం. నాలుగు ప్రిమ్‌లు (ఇక్కడ వస్తువులు కట్టే దిమ్మలు) పెట్టి ఇంకో నిచ్చెన చేసుకుని పైకొచ్చి, ఆ నిచ్చెన పది లిండెన్లకి (ఇక్కడి డబ్బు) అమ్మకానికి పెట్టి, ప్లకార్డులు పట్టుకుని మీ ఆఫీసు ముందు కూర్చుంటాం.

ఇది ఊరికే అనడం లేదు. 2003 జూన్‌లో ఈ లోకం తెరిచారు. జూలైకల్లా జనం తిరగబడ్డారు. అప్పట్లో కట్టిన ప్రతి వస్తువుమీదా పన్ను ఉండేది, ఎంత ఎక్కువ కడితే అంత ఎక్కువ వసూలు. అమెరికానా అని ఒక బృందం అమెరికా కట్టడాల నమూనాలు కట్టింది, వాళ్లకి పన్ను తడిసి మోపెడైంది. తేయాకు పన్నుమీద అమెరికన్లు తిరగబడ్డ బోస్టన్ టీ పార్టీని గుర్తుచేస్తూ ఎక్కడ చూసినా పెద్ద పెద్ద తేయాకు పెట్టెలు పేర్చి నిరసన తెలిపారు. ఆ సంవత్సరం చివరికి ఆ పన్ను పోయింది, స్థలాన్ని బట్టి డబ్బు కట్టే పద్ధతి వచ్చింది. అంతకుముందే నవంబరులో ఇంకా గొప్ప మాట ఇచ్చారు: ఎవరు తయారు చేసిన వస్తువుమీద హక్కు వాళ్లదేనని. ఆ రెండు నిర్ణయాల మీదే ఈ లోకం నిలబడింది. చెప్పులు, జుట్టు, విమానాలు, గుళ్లు, సముద్రంలో తిమింగలాలు, అన్నీ జనం చేసినవే. మీ కంపెనీ చేసింది నేల, నీళ్లు, ఆకాశం. అవి ఆగకుండా నడిస్తే చాలు, మిగతాది మాకొదిలేయండి.

గోదారిగట్టు:
నాకు మాత్రం ఇంటిపేర్లే కావాలి. ఇంతకుముందు ఖాతా తెరిచేటప్పుడు ఒక జాబితా ఇచ్చేవాళ్లు, అందులోంచి ఇంటిపేరు ఎంచుకుంటే అదే జీవితాంతం. ఒకే ఇంటిపేరు వాళ్లు ఎక్కడైనా ఎదురుపడితే "ఏం చుట్టం" అని పలకరించుకునేవాళ్లు, కొందరు ఇంటిపేరు పేరుతోనే గ్రూపులు పెట్టుకున్నారు. పోయిన నవంబరులో అది తీసేశారు. ఇప్పుడు ఎవరు చేరినా ఇంటిపేరు 'రెసిడెంట్'.

హంబుల్ గారూ, మాది తెలుగునాడు. మా దగ్గర ఒకే ఇంటిపేరు వాళ్లకి సంబంధం కలపరు. రెసిడెంట్ వారబ్బాయికి రెసిడెంట్ వారమ్మాయిని ఎలా అడగమంటారు? కొత్తగా చేరిన కుర్రకారంతా అన్నాచెల్లెళ్లే అయిపోయారు, ఈ లెక్కన లోకంలో పెళ్లిళ్లు ఆగిపోతాయి.

నైట్‌షిఫ్ట్:
@గోదారిగట్టు అక్కా, పెళ్లిళ్లు ఆగితే కంపెనీకి నష్టమే. భాగస్వామిగా నమోదవ్వాలంటే 10 లిండెన్లు, విడిపోవాలంటే 25. రెండువైపులా ఆదాయం. ఈ ఒక్క లెక్క చూపించినా ఇంటిపేర్లు వెనక్కి ఇచ్చేస్తారు.

లెక్కలమేడమ్:
అందరికీ నమస్కారం. నేను అమెరికాలో ఒక చిన్న కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను, ఇక్కడికి వచ్చిందీ క్లాసుల కోసమే. నాది కాస్త పెద్ద సలహా, ఓపిగ్గా చదవండి.

ఒక పూర్తి దీవి అంటే 256 మీటర్ల పొడవు, 256 మీటర్ల వెడల్పు, మన లెక్కలో పదహారెకరాల పైచిలుకు. దానికి మొదట వెయ్యి డాలర్లు, తర్వాత నెలనెలా 295. బళ్లకీ కాలేజీలకీ, లాభాపేక్ష లేని సంస్థలకీ ఇందులో సగం తగ్గింపు ఉండేది. అక్టోబరులో ఆ తగ్గింపు ఎత్తేస్తున్నామని చెప్పారు, డిసెంబరు 31తో సరి. విద్యా సంవత్సరం మధ్యలో అన్నమాట. కాలేజీ బడ్జెట్లు ఎప్పుడో వేసవిలోనే ఖాయమైపోతాయి, అక్టోబరులో వెళ్లి రెట్టింపు ఇవ్వండంటే ఏ డీన్ ఇస్తాడు? చాలామంది సామాన్లు సర్దుకుని, ఇలాంటి లోకమే అయిన ఓపెన్‌సిమ్‌కి వెళుతున్నారు, అక్కడ సొంత సర్వరు పెట్టుకోవచ్చు.

పోతే పోయింది అనుకోవచ్చు ఎవరైనా. హంబుల్ గారూ, మీరొక్కసారి మా క్లాసుకి రండి. బెంజీన్ అణువుని మేడంత ఎత్తున కట్టాం. ఆరు కార్బన్లు నల్లటి బంతులు, ఒక్కొక్కటీ మనిషంత ఉంటుంది, చుట్టూ తెల్లటి హైడ్రోజన్లు. పుస్తకంలో ఆ ఆరుకోణాల బొమ్మ చూసి ఆవులించే కుర్రాడు ఇక్కడ ఒక కార్బన్ మీదెక్కి కూర్చుని, పక్క బంతి మీదున్న అమ్మాయితో "డబుల్ బాండ్ నీ వైపుందా నా వైపుందా" అని గొడవపడ్డాడు. ఎవరి వైపూ కాదు, అందరిదీ అని చెప్పడానికి నాకు అంతకంటే మంచి సందర్భం దొరకదు. ఇంకోడు డ్రాగన్ వేషంలో వచ్చి మొత్తం రింగు చుట్టూ తోక చుట్టాడు, అది ఇంకా బాగా అర్థమైంది అందరికీ. ఇవాళ డ్రాగన్ తోకతో పాఠం నేర్చుకున్నవాడు రేపు సొంత డబ్బుతో ఇక్కడ స్థలం కొంటాడు. దయచేసి కాలేజీల తగ్గింపు వెనక్కి తీసుకురండి, అది కుదరకపోతే కనీసం ధర మార్చే ముందు ఏడాది గడువివ్వండి.

పాతకాపు:
మేడమ్ గారూ, గడువు సంగతి మీరన్నది అక్షరాలా నిజం. 2008లో ఓపెన్‌స్పేసులనే చవక దీవులకీ ఇదే చేశారు. సముద్రానికీ అడవికీ అని నెలకి 75 డాలర్లకి అమ్మారు, జనం ఎగబడి కొని వాటిమీద ఇళ్లూ దుకాణాలూ కట్టారు, అక్టోబరు చివర్లో ఉన్నట్టుండి జనవరి నుంచి 125 అన్నారు. ఎంత గొడవ జరిగిందో! చివరికి హోమ్‌స్టెడ్ అని ఇంకో రకం పెట్టి, ముందు 95 చేసి ఆ తర్వాత పెంచారు. మొదటిరోజే అలా మెల్లగా చెప్పుంటే దీవులొదిలేసి వెళ్లిన వాళ్లలో సగంమంది ఉండేవాళ్లని నా నమ్మకం.

ప్రిమ్‌పొదుపు:
నాది చిన్నకారు రైతు సమస్య. ప్రీమియం సభ్యత్వం కట్టేవాళ్లకి అదనపు ఖర్చు లేకుండా వచ్చేది 512 చదరపు మీటర్లు, అంటే 612 గజాలు. హైదరాబాదులో 612 గజాలుంటే వాణ్ని శ్రీమంతుడంటారు! కానీ ఇక్కడ ఆ ప్లాటులో పెట్టగలిగేది 117 ప్రిమ్‌లు. అందమైన సోఫా ఒక్కటే నలభై తినేస్తుంది. ఒక చెట్టు, ఒక మంచం, తలుపు తెరుచుకునే గోడ, అయిపోయె. ఎవరైనా భోజనానికొస్తున్నారంటే మంచం లోపల పెట్టి బల్ల బయటికి తీయాలి, నిద్రొస్తే బల్ల లోపల పెట్టి మంచం బయటికి తీయాలి. అతిథి కొంచెంసేపు ఎక్కువ కూర్చుంటే మా గుమ్మం తలుపు కూడా తీసేసి కుర్చీ వేస్తాం, మర్యాద అలాంటిది మాది.

హంబుల్ గారూ, ఈ 117ని 200 చేయండి. ధర తగ్గించమని కూడా అడగడం లేదు. మంచమూ బల్లా ఒకేసారి ఉండే ఇల్లు, అంతే.

ఇంకోటి. పదహారు చదరపు మీటర్ల ముక్కలు కొని, అందులో గిర్రున తిరిగే బోర్డు పెట్టి, పక్క ప్లాటువాడు తట్టుకోలేక ఎక్కువ డబ్బిచ్చి కొనుక్కునేదాకా తిప్పుతూనే ఉండేవాళ్లు కొందరున్నారు. వీటిమీద నియమాలొచ్చాక కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. మా కిటికీ ఎదురుగా ఒకాయన పెట్టాడు, సూర్యాస్తమయం సరిగ్గా దాని వెనకే.

వంతెన:
అందరూ వేరే వేరే చెబుతున్నారు, నేను ఒకే మాట. వ్యూయర్ 2, అంటే ఈ లోకంలోకి రావడానికి కంపెనీ ఇచ్చిన కొత్త ప్రోగ్రాం. పక్కనుంచి తన్నుకొచ్చే ఆ పట్టీ మొత్తం లోకాన్ని ఓ పక్కకి నెట్టేసేది. పాత వ్యూయర్‌లో ఒక నొక్కుతో అయ్యే పని దీంట్లో మూడు నొక్కులు. అందుకే నాకు తెలిసిన పాతవాళ్లంతా ఫీనిక్స్ వాడుతున్నారు, అది జనం చేసుకున్న వ్యూయర్. ఆయన కూడా ఒక వారం ఫీనిక్స్ వాడాలి, ఆ తర్వాత తన డిజైనర్లతో మాట్లాడాలి. ఈ వరుసలోనే.

నైట్‌షిఫ్ట్:
నేను హైదరాబాదు నుంచి. ఇక్కడి గడియారం శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం, మనకంటే పదమూడున్నర గంటలు వెనక. వాళ్లు జనం తక్కువుండే తెల్లవారుజామున సర్వర్లు రీస్టార్ట్ చేద్దామనుకుంటారు, అది మనకి సరిగ్గా సాయంత్రం, జనం పోగయ్యే వేళ. స్నేహితురాలి పెళ్లికి వెళ్లాం ఓసారి, వేదికంతా బంతిపూలు, పెళ్లికొడుకు పట్టుబట్టలు. అంతా రెడీ అన్నాక "ఈ ప్రాంతం ఐదు నిమిషాల్లో రీస్టార్ట్ అవుతుంది" అని నీలం పెట్టె. మాంగల్యం ఐదు నిమిషాల్లో కానిచ్చారు, అంత వేగంగా పెళ్లి చేసిన పురోహితుణ్ని ఎక్కడా చూడలేదు. ముహూర్తం దాటకుండా కట్టింది కూడా ఆ ఒక్క పెళ్లిలోనే చూశాను. పక్క ప్రాంతానికి పరిగెత్తాక పెళ్లికొడుకు జుట్టు తలమీద కాకుండా నడుము కింద ప్రత్యక్షమైంది, ఫొటోలన్నీ అలాగే ఉన్నాయి, ఆ దంపతులకి అవే ప్రాణం.

నా సలహా: వారం వారం రీస్టార్ట్ వేళ మార్చి మార్చి పెట్టండి, ఎప్పుడూ ఒకే ఖండం వాళ్ల సాయంత్రం పోకుండా. రెండోది, అక్టోబరులో, తలమీద కనిపించే డిస్‌ప్లే పేర్లు ఏ లిపిలోనైనా పెట్టుకోవచ్చన్నారు. చాలా సంతోషం. కానీ తెలుగులో పెడితే వత్తులు అక్షరం కిందికి చేరకుండా విడివిడిగా పడుతున్నాయి. లిపిని ఒప్పుకున్నాక దాన్ని సరిగ్గా చూపించండి. పేరు తెలుగులో తలమీద వెలుగుతుంటే ఆ ఆనందమే వేరు.

కొత్తగాలి:
పెద్దలు ఏమీ అనుకోకండి. నేను చేరింది ఈమధ్యనే, నాదీ రెసిడెంట్ ఇంటిపేరే. ఇంటిపేర్లు, పాత వ్యూయర్, పాత ధరలు అని అందరూ పాతవే అడుగుతున్నారు. నాలాంటి వాళ్లకి ముందు కావలసింది వేగం. ఒక దుకాణంలోకి అడుగుపెడితే గోడలు బూడిదరంగులో ఉంటాయి, బట్టలన్నీ కనపడేసరికి టీ తాగి రావచ్చు. రోజ్‌డేల్ గారు పోయిన ఆగస్టులో వేగంగా, తేలిగ్గా, సరదాగా ఉండాలని అన్నారు. సరదా ఇప్పటికే బోలెడుంది. మొదటి రెండూ హంబుల్ గారు చూసుకుంటే చాలు. జూన్‌లో ఉద్యోగుల్లో 30 శాతం మందిని తీసేసిన కంపెనీ, ఆయన అన్నీ ఒకేసారి చేయలేరు కదా. ఏది ముందో మనమే చెప్పాలి.

పాతకాపు:
ఏమీ అనుకోనమ్మా, నువ్వన్నది మొదట్లో పెట్టాల్సిన మాట. ఇసుకతిన్నె తమ్ముడూ, ఈ అమ్మాయి చెప్పింది ఒకటో నంబరు చెయ్యి, పెట్టె సంగతి రెండు, మేడమ్ గారిది మూడు.

గోదారిగట్టు:
ఇంటిపేర్లు నాలుగు. అంతకంటే దిగితే ఒప్పుకోను.

ఇసుకతిన్నె:
సరే అక్కా, నాలుగు. ఆదివారం దాకా చూస్తాను, ఎవరైనా రాయాలనుకుంటే ఆలోపు రాయండి. కెమిస్ట్రీ భాగానికి నేను రాసే ఇంగ్లీషుని మేడమ్ గారు ఒకసారి సరిచూస్తే బాగుంటుంది. డ్రాగన్ ఫొటో ఉంటే అది కూడా పంపండి.

లెక్కలమేడమ్:
ఫొటో ఉంది, రాత్రికి పంపుతాను. తోక మొత్తం ఫ్రేములో పట్టలేదు.

ప్రిమ్‌పొదుపు:
అందరూ ఒకటి మర్చిపోయారు. లిండెన్ ఉద్యోగులు చాలామందికి సొంత ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది, ఎదురుపడి అడిగితే ఇస్తారు, జనం వాటిని దాచుకుంటారు. హంబుల్ గారు చేరిన రోజే తన ఎలుగుబంటి తయారు చేసుకోవాలి, ఇంకెవరిచేతో చేయించకుండా స్వయంగా. ప్రిమ్‌లు తిప్పడం, అతికించడం, ముక్కు ఊడి పొట్టమీదకి జారితే మళ్లీ పెట్టడం, అన్నీ ఆయన చేతులమీదుగా జరగాలి. నాకొకటి కావాలి, కానీ పది ప్రిమ్‌లకి మించకుండా చేయమని రాయండి, మంచం తీయకుండా పెట్టుకోవాలి.