కౌన్సిల్ ఉమ్మడి ఆస్తుల జాబితాలో మా పార్కు లేదు, ఏ ఆధారం పంపాలి?

నమస్కారమండీ. స్కాట్లండ్‌లో ఉంటున్నాను. 2015 కమ్యూనిటీ ఎంపవర్‌మెంట్ చట్టం ప్రకారం మా కౌన్సిల్ 'కామన్ గుడ్' ఆస్తుల ముసాయిదా జాబితా పెట్టి అభిప్రాయాలు అడుగుతోంది. పాత బర్గ్‌ల (సొంత పాలన ఉన్న పట్టణాల) నాటి నుంచి ఊరందరిదిగా వస్తున్న ఆస్తులన్నమాట. టౌన్ హాలు ఉంది, ప్రొవోస్ట్ (మేయర్ లాంటి పదవి) మెడలో వేసుకునే గొలుసు కూడా ఉంది. పిల్లల్ని రోజూ తీసుకెళ్లే పార్కు మాత్రం లేదు! గేటు పక్క రాతిపలక మీద నాచు గీకితే 'పట్టణ ప్రజలకు కానుక' అని కనిపించింది. ఆ ఫొటో సరిపోతుందా? లేక దస్తావేజులు, 1975లో రద్దయిన బర్గ్ కౌన్సిల్ మినిట్స్ (సమావేశాల రికార్డులు) వెతకాలా? అవి ఎక్కడ చూడనిస్తారు? 12 వారాల గడువులో 9 అయిపోయాయి, టెన్షన్‌గా ఉంది. ఇలా అభ్యంతరం పంపినవాళ్లెవరైనా ఉంటే చెప్పరూ.